పెదతాత ఎక్కడ నిద్రించాడు?

ఈ నెల నేను వ్రాస్తున్నది వాక్య ధ్యానం కాదు, మా ఇంటి సంగతి. దీనిని అచ్చులో పెట్టమని మా పెద్దత్తే చెప్పింది గనుక వ్రాస్తున్నాను. ఆమె ఒప్పుకోకపోతే నా దగ్గరే ఉండిపోయేది.

మూడేళ్ల క్రితం ఈస్టరు మరునాడు గాజువాకలో ఆమె ఇంటికి వెళ్లాను. ఎనభై దాటిన మనిషి. చూపు మందగించింది గాని చెవులు బాగానే పనిచేస్తాయి. ప్రార్థన ముగించి లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

“ఒరే బాబూ, నువ్వు అందరి సావులకీ ఎల్తావు. అందరి సమాదులకాడా పార్తన చేస్తావు. మాయయ్య సమాది ఎక్కడుందో ఎవలైనా ఎరుగుదురా? నాను పోయేలోగా అదొక్కటీ తెలిస్తే సాలు.”

పెద్దత్త మా నాన్నగారికి పెదనాన్న కూతురు. ఆమె తండ్రి మా తాతకు స్వయానా అన్న. నేను ఆయనను చూసే ప్రసక్తి లేదు, మా నాన్నగారే చూడలేదు. మా ఇంట్లో ఆయనను గూర్చి ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కారు. ఆయన భార్యను మాత్రం ఊరంతా “బర్మా మామ్మ” అనేది. చిన్నతనంలో నేనూ అలాగే పిలిచాను. ఆ పిలుపులో ఎగతాళి ఉన్నదని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంట్లో తెలిసినది ఇంతే. పెదతాత విశాఖపట్నం హార్బరులో కూలీ. 1943లో మిలిటరీలో చేరాడు. నెలనెలా మనియార్డరు వచ్చేది. ఎవరిచేతనో వ్రాయించిన కార్డులు మూడో నాలుగో వచ్చాయి. వాటిలో ఒక మాట పెద్దమామ్మ చచ్చేవరకూ చెప్పుకునేది. తాను సముద్రమంత ఏటి ఒడ్డున పని చేస్తున్నాననీ, అవతలి గట్టు కనబడదనీ ఆయన వ్రాయించాడట. 1944 వానాకాలంలో మనియార్డరు ఆగిపోయింది. తరువాత ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవారు లేరు. మా తాత దానిని పట్నం తీసుకువెళ్లి చదివించుకుని వచ్చి, “మనిషి కనబడటం లేదట” అని చెప్పాడు.

కనబడటం లేదంటే ఊరు ఊరుకోదు కదా. సముద్రమంత ఏరు అంటే రంగూను దగ్గరి ఐరావతియే అన్నారు. మా జిల్లానుండి తరతరాలుగా మనుషులు ఓడలెక్కి రంగూను వెళ్లి మిల్లుల్లో, రేవుల్లో కూలి చేసినవారే. వారిలో కొందరు అక్కడే ఇంకొక కాపురం పెట్టిన మాటా నిజమే. “బర్మా దానిని కట్టుకుని ఉండిపోయాడు” అన్న మాట అలా పుట్టింది. పెద్దమామ్మ అప్పటికి ఇరవై యేండ్లదైనా ఉంటుందో లేదో. మొగుడు బ్రతికి ఉన్నాడో లేడో తెలియదు, కాబట్టి మెడలో పుస్తె తియ్యలేదు. మారు మనువు మాట ఎత్తినవారికి “ఆయనొస్తే ఏటి సెప్పను?” అన్నదట. పెద్దత్తకు ఈడు వచ్చాక రెండు సంబంధాలు కుదిరినట్టే కుదిరి, తండ్రి సంగతి తేలలేదని తప్పిపోయాయి. 1988లో పెద్దమామ్మ ప్రభువునందు నిద్రించింది. పెట్టెలో పెట్టేటప్పుడు పుస్తె తియ్యాలా ఉంచాలా అని సంఘ పెద్దలు గుసగుసలాడుతుంటే పెద్దత్త అడ్డం నిలబడి ఉంచేయమన్నది. నలభై నాలుగేళ్లు ఆమె ముండమోపి కాదు, ముత్తయిదువూ కాదు.

ఇప్పటి పిల్లలకు విశాఖపట్నంలో యుద్ధమంటే బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ స్తూపం, కురుసుర జలాంతర్గామి గుర్తుకు వస్తాయి. 1971 డిసెంబరులో మన తీరం దగ్గర పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన కథ ఆటోవాళ్లు కూడా చెబుతారు. ఆ స్తూపం 1996లో కట్టినది. దానిని తప్పుపట్టను. అయితే అంతకు ముప్పై యేండ్ల ముందే ఈ ఊరి మీద బాంబులు పడిన సంగతి ఎందరికి తెలుసు?

1942 ఏప్రిల్ 5 ఈస్టరు ఆదివారం. ఆ రోజు జపాను విమానాలు కొలంబో మీద పడ్డాయి. మరునాడు, సోమవారం, ఒజావా అనే అధిపతి నడిపిన నౌకాదళంలోని ర్యూజో అనే చిన్న విమానవాహక నౌకనుండి ఎగిరిన విమానాలు విశాఖపట్నం హార్బరు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలను ఆ దళం ముంచివేసింది. విశాఖలో ప్రాణనష్టం పెద్దది కాదు గాని భయం పెద్దది. జపానువాడు ఇక రేవులో దిగుతాడనే అనుకున్నారు. బండ్లు కట్టుకుని, పిల్లలను చంకనెత్తుకుని జనం లోపలి పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే గుంటూరుకు తరలించారు. ఆనాటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉన్నది, వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి. మా పెద్దమామ్మ నిండు నెలలతో ఆ బండ్ల వెంట నడిచింది. పదిరోజులకు పెద్దత్త పుట్టింది. అందుకే ఆమె తన వయస్సును ఏళ్లతో చెప్పదు, “బాంబుల ఏడాది పుట్టినాను” అంటుంది.

పెదతాత మిలిటరీలో ఎందుకు చేరాడు? దేశభక్తి అనను, సాహసమనీ అనను. అప్పటికి నెల క్రితమే, మార్చి 8న, రంగూను జపాను వశమైంది. అక్కడినుండి మన తీరానికి వచ్చే బియ్యం ఆగిపోయింది. ధర మండిపోయింది. ఓడలు తగ్గి హార్బరులో పని తగ్గింది. ఇంట్లో చంటిపిల్ల. మిలిటరీలో అన్నం పెట్టి, బట్టలిచ్చి, జీతంలో కొంత ఇంటికి పంపుతారు. ఆ యుద్ధంలో భారత సైన్యంలో చేరినవారు దాదాపు 25 లక్షలమంది. బలవంతపు చట్టం లేకుండా చేరిన అంత పెద్ద సైన్యం ప్రపంచంలో మరొకటి లేదని గొప్పగా వ్రాస్తారు. ఆకలి బలవంతం చట్టంలో కనబడదు. వారిలో సుమారు 87,000 మంది తిరిగి రాలేదు.

పెద్దత్తకు మాట ఇచ్చి ఇంటికి వచ్చాను గాని ఎక్కడ వెదకాలో నాకు తెలియదు. బైబిలు కళాశాలలో డిప్లమా చదివేటప్పుడు సంఖ్యాకాండములోని పేర్ల పట్టికలు వచ్చినప్పుడల్లా నిద్రపోయినవాణ్ణి నేను. ఇప్పుడు పేర్ల పట్టికలే నాకు పనిబడ్డాయి.

మొదట మన దగ్గర ఉన్న పుస్తకాలే తెరిచాను. మిషనరీలు మరేమి చేసినా చేయకపోయినా రిజిస్టర్లు శుభ్రంగా వ్రాశారు. కెనడియన్ బాప్టిస్టు మిషను కాలంనాటి సంఘపు వివాహ రిజిస్టరులో 1940వ సంవత్సరపు పుటలో పెదతాత, పెద్దమామ్మల పేర్లు దొరికాయి. ఇద్దరివీ వేలిముద్రలు. వరుని వృత్తి గడిలో “హార్బరు కూలీ” అని ఉన్నది. ఆ పుటలో నాకు పనికివచ్చిన విషయం ఒకటి ఉన్నది. దొరగారు పెదతాత పేరును ఇంగ్లీషులో ఏ అక్షరాలతో వ్రాశారో చూశాను. మా ఇంటిపేరు అసలు వ్రాయనే లేదు. ఊరి పేరును నేను ఎప్పుడూ చూడని విధంగా వ్రాశారు. ఇది చిన్న సంగతి కాదు. యేసుదాసు అనే పేరును తెలుగు రాని గుమాస్తా అయిదారు విధాలుగా వ్రాయగలడు. మనం ఒక విధంగా వెదికి, లేదనుకుని, లేచిపోతాము.

యుద్ధంలో పోయిన బ్రిటీషు సామ్రాజ్యపు సైనికుల పేర్లన్నీ వ్రాసి ఉంచే సంస్థ ఒకటి 1917లో పుట్టింది. దానిని ఇప్పుడు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అంటారు. ఆ పేర్లన్నీ కంప్యూటరులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఉక్కు టౌన్‌షిప్పులో ఉండే మా సంఘ యువకుడొకడు రెండు రాత్రులు నాతో కూర్చున్నాడు. మొదటి రాత్రి ఏమీ దొరకలేదు. ఇంటిపేరుతో వెదికాము, లేదు. విశాఖపట్నం అని వెదికాము, లేదు. రెండవ రాత్రి ఆ కుర్రవాడే, “అయ్యగారూ, ఆ రోజుల్లో ఊరిని ఏమనేవారు?” అన్నాడు. వైజాగపటం అనేవారు. ఆ పేరుతో వెదికితే మనుషులు బయటకు వచ్చారు. ఒక్కొక్క పేరు ఎదుట ఫలానావాని కుమారుడు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు, వైజాగపటం, ఇండియా అని ఉన్నది. అప్పటి వైజాగపటం జిల్లా అంటే ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం కూడా. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో విడివడ్డాయి. ఆ జిల్లాలలో ఉన్న పాఠకులు వెదకవలసివస్తే ఇది మరువకండి.

ఆ రాత్రి పదకొండు దాటాక పెదతాత దొరికాడు. ఇండియన్ పయొనీర్ కోర్. నంబరు ఉన్నది. మరణించిన తేది 1944 ఆగస్టులో ఒక దినం. సమాధి గౌహతి వార్ సిమెటరీ. దాని క్రింద తండ్రి పేరు, ఆ తరువాత భార్య పేరు. పెద్దమామ్మ పేరు. ఊరి పేరు సరిగ్గా దొరగారి రిజిస్టరులోని అక్షరాలతోనే ఉన్నది. ఆ ఊరు ఇప్పుడు లేదు. ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ చేయించిన అరవై పైచిలుకు గ్రామాలలో అదొకటి. పటంలో చెరిగిపోయిన ఊరు ఎక్కడో సైనికుల రిజిస్టరులో మిగిలి ఉన్నది.

గౌహతి అస్సాములో ఉన్నది. బర్మా కాదు. సముద్రమంత ఏరు ఐరావతి కాదు, బ్రహ్మపుత్ర.

ఉదయమే గాజువాక వెళ్లాను. చదివి వినిపించాను. పెద్దత్త ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

“మాయమ్మ పేరుందా అందులో?”

“ఉంది అత్తా.”

“మళ్లీ సదువు.”

మూడుసార్లు చదివించుకుంది. బర్మా అని ఎక్కడైనా ఉందా అని అడిగింది. లేదన్నాను. “మరి ఎలాగ పోనాడు? గుండు తగిలా?” అన్నది. దానికి జవాబు ఆ పట్టికలో లేదు.

యుద్ధ సమయంలో ఒక మనిషి ఎక్కడ పోయాడన్నది వేరు, ఎలా పోయాడన్నది వేరు. రెండవది కావాలంటే ఆ మనిషి చేరిన దళం కాగితాలు చూడాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక రిటైరయిన హవల్దారు గారు ఓపికగా చెప్పారు. పయొనీర్ల రికార్డులు బెంగుళూరులో ఉంటాయట. మద్రాసు సాపర్లవి కూడా బెంగుళూరులోనే, మద్రాసు రెజిమెంటువి నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో, నౌకాదళపు నావికులవి బొంబాయిలో. సర్వీసు నంబరు లేకుండా వ్రాస్తే జవాబు ఆశించవద్దన్నారు. నంబరు, తేది, వివాహ రిజిస్టరు నకలు, పెద్దత్త వేలిముద్రతో ఒక అర్జీ జతచేసి రిజిస్టరు పోస్టులో పంపాను.

ఎనిమిది నెలలు ఏ కబురూ లేదు. ఈ లోపల మా సంఘాలలో ఈ మాట ప్రాకింది. ఒకామె తన మామగారి అన్న ఓడలో పోయాడని వచ్చింది. వ్యాపార ఓడల మీద పనిచేస్తూ పోయిన మన నావికులు ఆరువేలకు పైగా ఉన్నారు. వారికి సమాధి సముద్రమే గనుక ముంబయిలోని నావికుల వసతి గృహంలో, చిట్టగాంగ్‌లో పుస్తకాలలో పేర్లు వ్రాసి ఉంచారు. మరొకరు మొదటి యుద్ధం సంగతి అడిగారు. అది ఇంకా కష్టం. ఆ యుద్ధంలో పోయిన ఆసియా, ఆఫ్రికావారిలో కనీసం 1,16,000 మంది పేర్లు ఎక్కడా చెక్కలేదని ఆ సంస్థ వేసిన కమిటీయే 2021లో తేల్చింది. సంస్థ క్షమాపణ చెప్పింది. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లు ధన్యమైనవి. అక్కడ పోయినవారి కోసం ఊరే స్తూపం కట్టుకున్నది. హార్బరు కూలీలకు, రోడ్డు కూలీలకు స్తూపాలు ఎవరు కడతారు?

ఎనిమిదవ నెలలో కవరు వచ్చింది. ఒకటే పుట. అందులో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి నేను అడిగినది, ఒకటి అడగనిది.

అడిగినది మొదట చెబుతాను. మిలిటరీ ఆసుపత్రిలో మలేరియాతో మరణం. జ్వరం మెదడుకు ఎక్కింది. గుండు కాదు.

దీనిని వినగానే కొందరు పెదవి విరుస్తారు. యుద్ధంలో పోవడమంటే గుండె ఎదురొడ్డి పోవడమేనని మన సినిమాలు నేర్పాయి. అస్సాం, బర్మా సరిహద్దు సంగతి అది కాదు. అక్కడి 14వ సైన్యానికి అధిపతి అయిన జనరల్ స్లిమ్ తన పుస్తకంలో లెక్క వ్రాశాడు. 1943లో గాయంతో వెనుకకు తెచ్చిన ప్రతి ఒక్కనికి జబ్బుతో తెచ్చినవారు 120 మంది. ఏడాదిలో నూటికి 84 మందికి మలేరియా. దానికి మందు క్వినైను. లోకంలోని క్వినైనులో అత్యధికం జావా దీవిలో పండేది, జావా 1942 మార్చిలోనే జపాను చేతికి పోయింది. తరువాత మెపాక్రిన్ అనే మాత్ర వచ్చింది. దానిని మింగితే ఒళ్లు పచ్చబడుతుంది, మగతనం పోతుందని సిపాయిల్లో పుకారు. చాటుగా ఉమ్మేసేవారు. స్లిమ్ అకస్మాత్తుగా రక్తపరీక్షలు చేయించి, నూటికి 95 మంది మింగినట్టు తేలని దళాల అధికారులను ముగ్గురిని తీసివేశాడట. ఆ తరువాత జబ్బు తగ్గింది. మా పెదతాత మింగాడో ఉమ్మాడో ఆ కాగితంలో ఉండదు కదా.

పయొనీర్ల పని తుపాకీ పని కాదు. రోడ్డు వేయడం, విమానాలు దిగే నేలను చదును చేయడం, సరుకు ఎత్తడం, దించడం. ఆ రోజుల్లో గౌహతి దగ్గర బ్రహ్మపుత్ర మీద వంతెన లేదు. సరాయిఘాట్ వంతెన 1962లో వచ్చింది. అంతవరకు ఇంఫాలు యుద్ధానికి పోయే గుండు, బియ్యం, పెట్రోలు అంతా అమీన్‌గావ్‌లో రైలు ఆగి, ఫెర్రీ మీద ఏరు దాటి, అవతల పాండు రేవులో మళ్లీ రైలెక్కేది. విశాఖ హార్బరులో బస్తాలు మోసినవాడు అక్కడ కూడా రేవులోనే పనిచేశాడన్నమాట. 1944 మార్చినుండి జూలైవరకు ఇంఫాలు, కోహిమాలలో పోరాడినవారు తిన్న బియ్యంలో కొన్ని బస్తాలైనా ఆయన భుజం మీదుగా పోయి ఉంటాయి.

ఇక అడగనిది. ఆ పుట అడుగున ఒక వాక్యం ఉన్నది. మృతుని భార్య పునర్వివాహము చేసుకొన్నట్టు తెలియజేయబడినందున, మైనరు కుమార్తె సంరక్షకుడైన మృతుని తమ్మునికి 1945 నుండి 1957 వరకు పింఛను చెల్లించబడినది.

మృతుని తమ్ముడంటే మా తాత.

నేను ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో తెలియదు. మా తాత మా సంఘానికి ఇరవై యేండ్లు పెద్దగా ఉన్నవాడు. ప్రభువు బల్ల దినాన పళ్లెం పట్టినవాడు. ఆయన చేతి బైబిలు ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది. ఇంగ్లీషు కాగితం పట్నంలో చదివించుకున్న దినమే అన్న పోయాడని ఆయనకు తెలిసింది. తెలిసి “కనబడటం లేదట” అన్నాడు. ఒకే పెరట్లో పుస్తె కట్టుకుని తిరుగుతున్న వదినెను కాగితం మీద ఎవరికో ఇచ్చి పెళ్లిచేశాడు. భార్య మళ్లీ పెళ్లిచేసుకుంటే ఆమె పింఛను ఆగి పిల్లకు వస్తుంది, పిల్ల మైనరు గనుక సంరక్షకుని చేతికి వస్తుంది. ఆ చిన్న నియమం ఆయనకు ఎవరు చెప్పారో.

కరువు రోజులని అనవచ్చు. పెద్దమామ్మ చేతికి డబ్బు వస్తే ఆమె పుట్టింటికి వెళ్లిపోతుందని భయపడ్డాడని అనవచ్చు. ఇంట్లో ఉన్నంతకాలం ఆమెకూ పిల్లకూ అన్నం పెట్టాడు, అది నిజమే. ఆయన తరఫున నేను ఇలాంటి వాదనలు చాలా తయారుచేశాను. ఏ ఒక్కటీ మా పెద్దమామ్మ ముఖం ఎదుట నిలబడలేదు. ఇంకొక లెక్క కూడా ఉన్నది. మా నాన్నగారిని హైస్కూలుకు, ఆ తరువాత టీచరు ట్రైనింగుకు పంపింది ఆ ఇల్లే. ఆయన టీచరు కాబట్టి నేను చదివాను.

పెద్దత్తకు జ్వరం సంగతి చెప్పాను. రెండవది చెప్పలేదు. రెండు నెలలు దాచాను. ఆ రెండు నెలలూ ప్రతి ఆదివారం ప్రసంగ పీఠం ఎక్కాను. తాత దాచిన కాగితాన్నే మనవడూ దాచాడు, అంతే తేడా.

నవంబరులో గౌహతి వెళ్లాను. విశాఖనుండి రైలుకు బయలుదేరినవాణ్ణి సరాయిఘాట్ వంతెన వచ్చేసరికి తలుపు దగ్గర నిలబడ్డాను. ఏరు చూశాను. నిజమే, సముద్రమంత ఉన్నది. వానాకాలంలో అవతలి గట్టు కనబడదనడంలో అబద్ధమేమీ లేదు.

సిమెటరీ ఊరి మధ్యనే, శిల్పుఖురి పేటలో ఉన్నది. ఇంత శుభ్రమైన సమాధి తోటను నేను మన వైపు ఎక్కడా చూడలేదు, సిగ్గుపడుతూ చెబుతున్నాను. పచ్చిక కత్తిరించి, ప్రతి సమాధి దగ్గర పూల మొక్క పెట్టారు. ఇంగ్లీషువారు, మనవారు, ఆఫ్రికావారు ఒకే వరుసలో ఉన్నారు. చైనా సైనికులవి కొన్ని ఉన్నాయి. ఒక ప్రక్క జపానువారివీ ఉన్నాయి. మా ఊరి మీద బాంబులు వేసినవాని దేశస్థుడు, బాంబులకు భయపడి పారిపోయినవాడు ఒకే తోటమాలి నీళ్లు తాగుతున్నారు. పెదతాత రాతి మీద సిలువ, నంబరు, పేరు, దళం, తేది ఉన్నాయి. ఎనభై యేండ్లలో ఆయన మనుషులెవరూ రాలేదు. బర్మా కాదు, సముద్రం దాటనక్కర లేదు, వీసా అక్కరలేదు. టిక్కెట్టు కొంటే రైలు అక్కడికే వెళుతుంది.

మోకరించాను గాని ప్రార్థన రాలేదు. పెదతాతతో నేను చెప్పుకోవలసినది ఒకటే ఉన్నది, దానిని ముందు ఆయన కూతురితో చెప్పాలి. గుప్పెడు మట్టి రుమాలులో కట్టుకుని లేచాను.

తిరిగివచ్చిన మరునాడే గాజువాక వెళ్లాను. మట్టి చేతిలో పెట్టాను. వాసన చూసింది. ఆ తరువాత కాగితం తీసి అడుగు వాక్యాన్ని తెలుగులో చెప్పాను. గొంతు తడబడింది. పెద్దత్త చాలాసేపు ఏమీ అనలేదు. వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

“పన్నెండేళ్లా?” అన్నది.

“అవును అత్తా. నీకు పదిహేనేళ్లు వచ్చేదాకా.”

“మాయమ్మకి మారు మనువని రాయించినాడా?”

“అవును.”

“డబ్బు తిన్నాడంటే తిన్నాడు. ఆ కుండలో కూడు నానూ తిన్నాను. మీ నాన్న సదువుకుంటే నానే బువ్వ కట్టిచ్చినాను. ఆ మాట ఎందుకు రాయించాల? ఆయమ్మ ఎండకి ఎండి వానకి తడిసి ఆడి ఇంటికాడే పడుంటే...” అని ఆగిపోయింది.

నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను. తాత తరఫున క్షమించమని అడిగాను. “నీదేటుంది అందులో, లెగు” అన్నది గాని, క్షమించానని అనలేదు. ఇప్పటివరకూ అనలేదు. నేను మళ్లీ అడగలేదు.

వారం తరువాత ఆమే కబురుపెట్టింది. పెద్దమామ్మ సమాధి రాతి మీద పేరు, 1988 తప్ప మరేమీ లేదు. అప్పుడు ఏమి చెక్కాలో తెలియక వదిలేశారట. ఇప్పుడు క్రింద ఇంకొక వరుస చెక్కించాలన్నది. ఫలానా సైనికుని భార్య, ఆయన 1944 ఆగస్టులో గౌహతిలో నిద్రించెను, అని. బర్మా కాదు అని కూడా చెక్కించమంటే, ఆ మాట రాతి మీద బాగుండదని ఒప్పించడానికి నాకు ఒక పూట పట్టింది. మట్టిని ఆ రాతి క్రింద పెట్టాలన్నది.

రాళ్లు చెక్కేవాడు అక్షరానికి ఇంత అని లెక్క కట్టాడు. పెద్దత్త తన వృద్ధాప్య పింఛను డబ్బు చెంగున కట్టి తెచ్చింది. నేను మొత్తం ఇస్తానన్నాను. ఇవ్వవలసిన బాకీ నాదే అన్నాను.

ఆమె నోట్లు రెండు భాగాలు చేసి ఒక భాగం మళ్లీ చెంగున కట్టుకుంది.

“సగం నువ్వియ్యి. మీ తాత వంతు.”

ఇచ్చాను.